మొహమాటం మీద పాతిక శాతం

పెట్టుబడి లేని వ్యాపారం ఏదైనా ఉంటే చెప్పండని అడిగే కుర్రాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. టీ కొట్టుకి అడ్వాన్సు కావాలి. కర్రీ పాయింటుకి గ్యాసు బండ కావాలి. కోళ్ల ఫారానికి కోళ్లు కావాలి, పైగా అవి బతకాలి. జీవిత బీమా ఏజెన్సీకి మాత్రం బంధువులుంటే చాలు. అది ప్రతి ఇంట్లోనూ ఉన్న సరుకే, మనం డబ్బు పెట్టి కొన్నదీ కాదు. అందుకని ఈ వృత్తిలోని లాభనష్టాలను ఎవరి పక్షమూ వహించకుండా పరిశీలించి యువతకు దారి చూపడం నా సామాజిక బాధ్యతగా భావిస్తున్నాను.

ముందు అర్హతలు. పదో తరగతి పాసవ్వాలి. 25 గంటల శిక్షణ, ఆ తర్వాత గంటసేపు పరీక్ష. 50 ప్రశ్నలు, 35 శాతం వస్తే గట్టెక్కినట్టే. మనిషి సగటున ఎప్పుడు పోతాడో లెక్కగట్టే యాక్చువరీలు ఏళ్ల తరబడి పరీక్షలు రాస్తూనే ఉంటారు. ఆ లెక్కని మన పెద్దనాన్నకి అర్థమయ్యేలా చెప్పడానికి 18 ప్రశ్నలకి జవాబు తెలిస్తే సరిపోతుందని పెద్దలు తేల్చారు. ఆ పెద్దల ఆఫీసు, అంటే బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది కాబట్టి ఇది మనవాళ్లందరూ గర్వించాల్సిన విషయం.

ఏజెంటు కోడ్ నంబరు చేతికొచ్చాక అసలు చదువు మొదలవుతుంది. ఏజెంట్లని చేర్చుకుని పనిచేయించే డెవలప్‌మెంట్ ఆఫీసరు గారు ఒక లాంగ్ నోట్‌బుక్ ముందు పెట్టి "తెలిసినవాళ్ల పేర్లు వంద రాయి" అంటారు. మొదటి ఇరవై సులువు. నలభై దగ్గర చెయ్యి నొప్పెడుతుంది. అరవై దాటాక టెన్త్‌లో పక్క బెంచీలో కూర్చున్నవాడు, చెల్లెలి పెళ్లికి షామియానా వేసినాయన, ఎప్పుడో రైల్లో పులిహోర పెట్టినావిడ కూడా ఆప్తులైపోతారు. వంద పూర్తవగానే ఆఫీసరు గారి ముఖం వెలుగుతుంది. ఆయనకి జీతం ఉంది, మనకి జాబితా ఉంది.

జనం చావుకి భయపడి పాలసీలు కడతారని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్లెవరూ మన ఇళ్లకి వచ్చినట్టు లేదు. మన దగ్గర పాలసీ తెగేది మొహమాటం మీద.

ఆదివారం పదకొండింటికి మేనల్లుడు తెనాలిలో మేనమామ గుమ్మం ముందు బండి ఆపుతాడు. చేతిలో అరడజను అరటిపళ్లు, చంకలో జిప్పు బ్యాగు.

"ఏరా, ఇలా వచ్చావ్?"

"ఊరికే మామయ్యా. ఇటు పనుంటేనూ..."

మామయ్య కళ్లు జిప్పు మీదే ఉంటాయి. అత్తయ్య కాఫీ పట్టుకొస్తుంది. పాపం, ఆవిడకింకా తెలీదు. బావ ఉద్యోగం, మోకాళ్ల నొప్పులు, పొలం కౌలు అన్నీ అయ్యాక జిప్పు చప్పుడవుతుంది.

"నెలకి 3 వేలు మామయ్యా. అంటే రోజుకి వంద. నువ్వు టిఫినుకి పెట్టే ఖర్చు."

"ఈ వయసులో నాకెందుకురా?"

"నీక్కాదు, అత్తయ్య కోసం. రేపు నీకేదైనా అయితే..."

"పైన తథాస్తు దేవతలుంటారు, అవేం మాటల్రా!" అని అత్తయ్య, వాడింకా తాగుతుండగానే కాఫీ గ్లాసు తీసుకుపోతుంది.

అయినా మామయ్య సంతకం పెడతాడు. ఎందుకంటే ముందురోజు రాత్రే అక్కయ్య ఫోన్ చేసి "నా కొడుక్కి ఆ మాత్రం చెయ్యలేవట్రా" అని ముక్కు చీదింది. ఏడాదికి 36 వేల ప్రీమియం. పాతిక శాతం లెక్కన తొమ్మిది వేలు అల్లుడికి. చట్టం దాన్ని కమిషన్ అంటుంది. అత్తయ్య దాన్ని చదివింపుల కింద రాసుకుంటుంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది, కానీ ఫారం నింపాలి. బీపీ ఉందా? లేదు. గుండె జబ్బు? లేదు. షుగర్? మామయ్య నోరు తెరిచేలోపు "లేదని పెట్టేద్దాం మామయ్యా, ఉందంటే టెస్టులూ గొడవా, మార్చి దాటిపోతుంది" అంటాడు అల్లుడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి "అన్నానికి ముందు మాత్ర వేసుకున్నారా?" అని కేక. అల్లుడి పెన్ను ఆగదు.

బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీకి మూడేళ్లు నిండాక ఏ కారణం చేతా కంపెనీ దాన్ని ప్రశ్నించకూడదు. ఆలోగా అయితే తవ్వి చూడొచ్చు. కాబట్టి మామయ్య ఏం చేసినా మూడేళ్ల తర్వాతే చెయ్యాలి. అంతకుముందే తొందరపడితే అత్తయ్య ఫైలు పట్టుకుని ఆఫీసుకి వెళుతుంది. వాళ్లు ఆసుపత్రి చీటీలు తెప్పిస్తారు, మాత్ర పేరు బయటపడుతుంది. అల్లుడికి ఫోన్ చేస్తే అతను అప్పటికి అమరావతి దగ్గర ప్లాట్లు అమ్ముతుంటాడు. ఏజెంటు మానేసి వెళ్లిపోయిన ఇలాంటి పాలసీల్ని ఆ వృత్తిలోవాళ్లే అనాథ పాలసీలంటారు. "లేదు" అన్న ఆ రెండక్షరాలు రాసినందుకు అల్లుడికి విడిగా కమిషనేమీ రాలేదన్నది కూడా న్యాయంగా చెప్పుకోవాలి.

ఇక కమిషన్ల సంగతి. బతికున్నా గడువు తీరాక డబ్బు తిరిగొచ్చే ఎండోమెంట్ పాలసీల మీద చాలాకాలం నడిచిన లెక్క ఇదీ: మొదటి ఏడాది 25 శాతం, రెండో, మూడో ఏళ్లలో ఏడున్నర, ఆపైన ఐదు. బోనస్ కమిషన్ కూడా కలిస్తే మొదటి ఏడాదిది 35 అవుతుంది. 2024 అక్టోబరులో సరెండర్ నిబంధనలు, అంటే పాలసీ మధ్యలో వదిలేసినవాళ్లకి ఎంత తిరిగివ్వాలన్నవి, మారాక ఎల్‌ఐసీ ఆ 35ని 28కి దించి, తర్వాతి ఏళ్లది ఏడున్నరకి పెంచింది. కొత్త కోడలికి ముద్దు తగ్గించి పాత కోడలికి మర్యాద పెంచడం లాంటిదే ఇది. పాత కోడలి దాకా నిలిచే ఏజెంట్లకి లాభమే.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఏజెంటు అంతరాత్మని ఒకసారి పరీక్షిద్దాం. ఎదురుగా ముప్పై ఏళ్ల కుర్రాడు, ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటి లోను. కోటి రూపాయల టర్మ్ పాలసీ ఏడాదికి పది పన్నెండు వేలకే వస్తుంది, అతనికి కావాల్సింది అదే. అది అమ్మితే పాతిక శాతమే అనుకున్నా మూడు వేలు. అదే కుర్రాడి చేత ఏడాదికి లక్ష చొప్పున ఇరవై ఏళ్ల ఎండోమెంట్ కట్టిస్తే పాతిక వేలు. ఆ లక్షకి కవరేజీ ఇరవై లక్షలకి అటూఇటూ. కుర్రాడి పిల్లల భవిష్యత్తు ఒకవైపు, ఏజెంటు పిల్లల కార్పొరేట్ స్కూలు ఫీజు ఇంకోవైపు. ఏజెంటు కూడా తండ్రే కదా. టర్మ్ గురించి అడిగితే "దాంట్లో మీకేం తిరిగి రాదు సార్" అంటాడు. బతికుంటే రాదన్నమాట నిజమే. కారు ఇన్సూరెన్సు కట్టి, యాక్సిడెంటు కాలేదని ఏడ్చే జాతి ఇంకా పుట్టలేదు గానీ, జీవిత బీమా దగ్గరికొచ్చేసరికి బతికిపోయినందుకు మనకి నష్టపరిహారం కావాలి.

కస్టమరేమీ గోవు కాదు. "మా బావమరిది ఏజెంటు రెండు వాయిదాలు తనే కట్టేస్తానన్నాడండీ, మీరెంతిస్తారు?" అని కాలు మీద కాలేసుకుని అడుగుతాడు. 41వ సెక్షన్ ప్రకారం కమిషన్లో వాటా ఇవ్వడమూ తప్పే, పుచ్చుకోవడమూ తప్పే. జరిమానా పది లక్షల దాకా వేయొచ్చు. ఆ సంగతి ప్రపోజల్ ఫారంలోనే అచ్చువేసి ఉంటుంది. ఆ ఫారం మీదే ఇద్దరూ సంతకం పెట్టి, తర్వాత బేరం తెంచుకుంటారు. ఏజెంటు మొదటి వాయిదా జేబులోంచి కట్టి మార్చి టార్గెట్ గండం దాటతాడు. కస్టమరు రెండో వాయిదా కట్టడు, పాలసీ ల్యాప్స్. అయినా డిసెంబరొచ్చేసరికి అదే కస్టమరు ఫోన్ చేస్తాడు, క్యాలెండరు ఏదండీ అని. డైరీ కూడా కావాలట.

అన్నీ నష్టాలే చెప్పడం పత్రికా ధర్మం కాదు. లాభాలు చాలా ఉన్నాయి. ఈ వృత్తిలో మనకి మనమే బాసు, సెలవు చీటీ అక్కర్లేదు, జీతం కూడా అక్కర్లేదు. పీఎఫ్ కోతల బాధ లేదు, కోయడానికేమీ ఉండదు. బ్రాంచి మేనేజర్స్ క్లబ్బు నుంచి చైర్మన్స్ క్లబ్బు దాకా మెట్లున్నాయి. ఇంకా పైకెళితే, బాగా అమ్మిన ఏజెంట్ల ప్రపంచ క్లబ్బు ఎం.డి.ఆర్.టి. అమెరికాలో మెంఫిస్ ఊళ్లో 1927లో 32 మంది కూర్చుని పెట్టుకున్న మిలియన్ డాలర్ రౌండ్ టేబుల్ ఇప్పుడు మన నరసరావుపేట సెంటర్లో ఫ్లెక్సీ మీద కనపడుతుంది. సూటూ బూటూ వేసుకున్న నిలువెత్తు బొమ్మ, కింద "అభినందనలతో, మిత్రబృందం". డబ్బులిచ్చిన మిత్రుడు బొమ్మలో ఉన్నాయనే.

అన్నిటికన్నా గొప్ప సదుపాయం వారసత్వ కమిషన్. నిర్ణీత కాలం పనిచేసిన ఏజెంటు పోయినా రెన్యువల్ కమిషన్ వారసులకి వస్తూనే ఉంటుంది. బతికున్న ఏజెంటుకి గుమ్మంలో కూడా కుర్చీ వెయ్యరు, పోయినవాడి కమిషన్ మాత్రం టైముకి ఇంటికొస్తుంది.

యోగక్షేమం వహామ్యహం అన్నది ఎల్‌ఐసీ నినాదం. మరి ఏజెంటు యోగక్షేమం? 13 లక్షలకు పైగా ఏజెంట్లు ఊరూరా తిరిగి "ఇంటి యజమానికి సరిపడా కవరేజీ ఉండాలి సార్" అని చెబుతుంటే, వాళ్లకంటూ ఉన్న టర్మ్ బీమా 2023 దాకా మూడు వేల నుంచి పది వేలు. కోటి కాదు, లక్ష కాదు, వేలే. చదివినవాళ్లు అచ్చుతప్పనుకోవద్దు. ఆ సెప్టెంబరులో కేంద్రం దయతలిచి దాన్ని 25 వేల నుంచి లక్షన్నరకి పెంచింది, గ్రాట్యుటీ పరిమితిని మూడు లక్షల నుంచి ఐదు లక్షలకి పెంచింది. ఏజెంటు తన కస్టమరుకి పాతికవేల కవరేజీ చాలని సలహా ఇస్తే కోడ్ రద్దు చెయ్యాలి గదా.

2024 డిసెంబరు 9న ప్రధాని పానిపట్‌లో బీమా సఖి పథకం మొదలుపెట్టారు. ఏజెంటుగా చేరిన మహిళకి మొదటి ఏడాది నెలకి 7 వేలు, రెండో ఏడు 6 వేలు, మూడో ఏడు 5 వేలు. సగటు కుటుంబంలో అన్నదమ్ముల మొహమాటం అడుగంటింది కాబట్టి ఇప్పుడు అక్కచెల్లెళ్ల జాబితా తెరుస్తున్నారు. అనుభవం పెరిగే కొద్దీ స్టైపెండు తగ్గేది ఎందుకంటే, ఆలోగా వాళ్లే కమిషన్ మీద నిలదొక్కుకుంటారని ప్రభుత్వం నమ్మకం. నిలదొక్కుకోకపోయినా కట్టించిన పాలసీలైతే కంపెనీ దగ్గరే ఉంటాయి.

ఏజెంటు అక్కర్లేకుండా బీమా నడవదా అంటే, నడుస్తుంది. నిజాం 1907లో తన ఉద్యోగులకి పెట్టిన బీమా నిధి ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగుల జీతంలోంచి నెలనెలా కోస్తూనే ఉంది. అందులో కాఫీ లేదు, అరటిపళ్లు లేవు, అక్కయ్య ఫోనూ లేదు. అంత నిస్సారమైన ఏర్పాటు మనకెందుకు?

బ్యాంకువాళ్లు లాకరు అడిగితే పాలసీ తీసుకోమంటున్నారు. ఫోన్లో యాప్ పదే పది నిమిషాల్లో పాలసీ ఇస్తోంది. కొత్త పన్ను విధానంలో ప్రీమియం మీద వచ్చే 80సీ మినహాయింపు పోయి ఫిబ్రవరి, మార్చి గిరాకీ చల్లారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ ఎత్తేసినా "చౌకైంది కదా, కొందాం" అని ఎదురొచ్చిన బంధువు ఇంకా కనపడలేదు. ఇన్ని కష్టాల్లోనూ మొహమాటాన్ని మాత్రం ఏ యాపూ అమ్మజాలదు గనక ఈ వృత్తికి ఢోకా లేదు.

వంద పేర్లూ అయిపోయాక ఏం చెయ్యాలన్నదే చిక్కు. మా వీధిలో ఒక యువ ఏజెంటు దానికి మార్గం కనిపెట్టాడు, పెళ్లి. అటువైపు వంద పేర్లు కొత్తగా వస్తాయి. ప్రస్తుతం సంబంధాలు చూస్తున్నారు. కట్నం వద్దట, జాతకాలు కూడా పట్టించుకోరట. అమ్మాయి తరఫు బంధువుల్లో సర్కారు ఉద్యోగులుంటే చాలు, ప్రీమియం జీతంలోనే కోయించుకోవచ్చు. పెళ్లిచూపులకి వెళ్లిన మధ్యవర్తి వాళ్లని అడిగిన మొదటి ప్రశ్న మాత్రం ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని.