గుట్ట మీద ఎర్ర లైటు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో రోనోక్ అని ఒక ఊరుంది. ఆ ఊరిని ఆనుకునే మిల్ మౌంటెన్ అనే కొండ. 1949 నవంబర్ 23న అక్కడి వ్యాపారుల సంఘం ఆ కొండ మీద ఓ పెద్ద నియాన్ నక్షత్రాన్ని వెలిగించింది. 88 అడుగుల ఎత్తు, దాదాపు 2 వేల అడుగుల నియాన్ గొట్టాలు, ఆ రోజుల్లోనే 28 వేల డాలర్ల ఖర్చు. క్రిస్మస్ గిరాకీ కోసం పెట్టిందే గానీ జనానికి ఎంత నచ్చిందంటే పండగ పోయినా దాన్ని దింపలేదు, 75 ఏళ్లు దాటాక కూడా రాత్రిళ్లు వెలుగుతూనే ఉంది.

మేము ఈ కథ ఎత్తుకున్నది దాని అందం చెప్పడానికి కాదు. రోనోక్‌లో ఎవరైనా రోడ్డు ప్రమాదంలో చనిపోతే ఆ రాత్రి నక్షత్రం ఎర్రగా వెలిగేది. 1974 దాకా ఇది నడిచింది. డ్యూటీ దిగి ఇంటికి పోయేవాడు తలెత్తి చూస్తే చాలు, ఇవాళ మన ఊళ్లో ఒక ప్రాణం పోయిందని పేపర్ రాకముందే తెలిసిపోయేది.

నల్గొండకు ఇది కావాలని మేము గట్టిగా అనుకుంటున్నాం. మన పట్టణం రెండు గుట్టల మధ్య ఉంది, ఒకవైపు పాత కోట ఉన్న కాపురాల గుట్ట, ఇంకోవైపు దర్గా ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్ట. చౌరస్తాల్లో ఊరి పేరుతో పెడుతున్న లైటు బోర్డులు సెల్ఫీలకు బాగానే ఉంటాయి, వాటితో మాకు పేచీ లేదు. కానీ ఊరంతటికీ కనబడే చోటు గుట్టే.

మన రోడ్ల సంగతి ఎవరికి తెలియదు? చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూర్, నకిరేకల్ మీదుగా పోయే 65వ నంబర్ హైవే ఒకటి, నార్కట్‌పల్లి నుంచి మన ఊరి మీదుగా మిర్యాలగూడ దాటి అద్దంకి పోయేది ఇంకొకటి. కోతల కాలంలో ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, చీకటి పడ్డాక వాటిమీద నల్ల టార్పాలిన్ కప్పి, అది గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు, హెడ్‌లైటు సరిగా లేని బైకు దగ్గరికొచ్చేదాకా ఆ రాయి కనబడదు. రైతుకు కల్లం లేక రోడ్డెక్కాడు, ఆ తప్పు ఒక్క రైతుదే అంటే మేము ఒప్పుకోం. ఇక వెనక లైటు లేని ట్రాక్టర్లు, యూ టర్న్ దూరమని రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు సరేసరి. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ ఎన్ని బండ్లు దాటాయో గంటగంటకూ వార్తలొస్తాయి, ఆ బండ్లలో ఇంటికి చేరనివాళ్ల మాట లోపలి పేజీలో నాలుగు లైన్లు.

రోజూ ఎర్రలైటు చూస్తే టెన్షన్ కాదా అంటారు. టెన్షన్ రావాలి. కల్లాలు కట్టించాల్సిన వాళ్లకు, హైవే చూసుకునే వాళ్లకు, బండి తోలే మనందరికీ రావాలి.

దర్గా పెద్దలు సరేనంటే లతీఫ్ సాహెబ్ గుట్ట మీద పెట్టొచ్చు, లేదంటే కోట గోడకు దెబ్బ తగలకుండా కాపురాల గుట్ట మీద. ఇప్పుడు ఎల్‌ఈడీలున్నాయి, కరెంటు బిల్లు సాకు కాదు. ఏ స్టేషన్ పరిధిలో ఎవరు చనిపోయారో పోలీసుల దగ్గర రోజూ ఉండే సమాచారమే, సాయంత్రం దాన్ని చూసి స్విచ్ వేయడానికి ఒక మనిషి చాలు. వచ్చే సంక్రాంతి రద్దీకి ముందే ఇది మొదలుపెట్టాలని జిల్లా యంత్రాంగాన్ని అడుగుతున్నాం.