రెండో గీత కనబడ్డాక

జిల్లా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. కానీ ఆ పరీక్ష, కౌన్సెలింగ్‌ జరిగే ఐసీటీసీ గది ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. ఆ గుమ్మం ముందు నిలబడితే చాలు, మిగతా కథ చూసినవాళ్లే అల్లేస్తారు. హిజ్రాలు, సెక్స్‌వర్కర్లు అటు రాకపోతే అవగాహన లేదంటాం. వాళ్లు జంకేది ఆ చూపులకు. ఇంట్లోనే చేసుకునే పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సిఫార్సు చేసింది. హెచ్‌ఐవీ ప్రాబల్యం దేశ సగటుకు దాదాపు మూడు రెట్లున్న ఆంధ్రప్రదేశ్‌, రెండు రెట్లున్న తెలంగాణ ఈ కిట్లను పీర్‌ ఎడ్యుకేటర్ల చేత, అంటే వాళ్లలోంచే శిక్షణ పొందిన కార్యకర్తల చేత ఉచితంగా పంచించాలి.

వాడటం తేలికే, పొరబడటమూ తేలికే. నోటి కిట్‌ అయితే తిని, తాగి అరగంట గడిచాక పుల్ల చివరి మెత్తటి భాగాన్ని పై చిగుళ్ల వెంట ఒకసారి, కింది చిగుళ్ల వెంట ఒకసారి రుద్ది ద్రావణంలో నిలపాలి. 20 నిమిషాల తర్వాత, 40 నిమిషాల్లోపు చూడాలి. నాలుక మీద రుద్దితే కుదరదు; కావలసింది వైరస్‌ సోకాక ఒంట్లో తయారై, చిగుళ్ల దగ్గర ఊరే ద్రవంలోకి చేరే యాంటీబాడీలు. (వైరస్‌ కాదు. ఎంగిలితో హెచ్‌ఐవీ అంటుకోదు.) కిట్‌ మీద 'సీ' (కంట్రోల్‌) అక్షరం దగ్గర గీత రాకుంటే ఆ పరీక్ష చెల్లదు. 'టీ' (టెస్ట్‌) దగ్గర ఎంత లేతగా ఉన్నా గీత గీతే, వైరస్‌ ఉండొచ్చన్న సంకేతమే. కిట్లను 30 డిగ్రీలు దాటని చోట దాచాలి. మే నెలలో బెజవాడ ఎండకు స్కూటర్‌ డిక్కీలో మగ్గిన కిట్‌ను నమ్మలేం.

అసలు చిక్కు నెగెటివ్‌తోనే. అమెరికా 2012లో దుకాణాల్లో అమ్మకానికి అనుమతించిన నోటి కిట్‌, వైరస్‌ ఉన్న ప్రతి 12 మందిలో ఒకరిని పట్టుకోలేకపోవచ్చని అప్పుడే చెప్పారు. ఇటీవలే సోకితే యాంటీబాడీలు ఇంకా చాలినంత తయారై ఉండవు. మూడు నెలలకు మళ్లీ చూసుకోవాలి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నవారు దీన్ని ముట్టుకోనేకూడదు. వారికి తప్పుడు నెగెటివ్‌ రావచ్చు; నయమైందనుకుని మందులు ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. వైరస్‌ సోకే అవకాశమున్న ఘటన జరిగి 72 గంటలు దాటనివారు కిట్‌ కోసం కాదు, నివారణ మందుల కోసం ఆసుపత్రికి పరుగెత్తాలి.

రెండు గీతలొచ్చినా అది తుది నిర్ధారణ కాదు. ఐసీటీసీలో వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేశాకే ఖరారు. అందాకా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఎయిడ్స్‌ హెల్ప్‌లైన్‌ 1097 నంబరు, తెలుగులో బొమ్మల కాగితం ప్రతి పొట్లంలో ఉండాలి. 'కంపెనీ' (వేశ్యాగృహం) నడిపే యజమానురాలో, భర్తో బలవంతంగా పరీక్ష చేయిస్తే 2018లో అమల్లోకొచ్చిన హెచ్‌ఐవీ చట్టం ఒప్పదని కూడా అందులోనే రాయాలి. ఐసీటీసీలు వారంలో రెండు సాయంత్రాలైనా తెరవాలి. రాత్రంతా రోడ్డు మీదుండే మనిషిని పొద్దున్నే వచ్చి ఓపీ చీటీ రాయించుకోమనడం ఏం న్యాయం?