వేడిని తట్టుకుంటే చాలా?
శిలీంధ్రాల (బూజుల) నుంచి తీసే ఎంజైము ఎంత వేడిని తట్టుకుంటే పరిశ్రమకు అంత మేలని ఒక వ్యాసం అంటోంది. కోళ్ల దాణా మిల్లులో పదకొండేళ్లు పనిచేసిన నాకు ఇది సగం నిజమే అనిపిస్తోంది. ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి వచ్చే ఫైటేజ్ అనే ఎంజైము సంగతే చూడండి. మొక్కజొన్న, సోయాలలో ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కోడికి అందించడం దాని పని. గుళికలు కట్టేముందు ఆవిరితో దాణా 80–85 డిగ్రీలకు చేరుతుంది, మామూలు ఫైటేజ్ అక్కడే చాలావరకు పాడవుతుంది. అందుకే గుళికలు చల్లారాక ద్రవ ఎంజైమును పైన చల్లేవాళ్లం (నాజిల్ మూసుకుపోయిన రోజు దేవుడే దిక్కు). సరే, 90 డిగ్రీలకు నిలిచేలా మార్చారనుకోండి. అది పనిచేయాల్సింది కోడి కడుపులో, 41 డిగ్రీల దగ్గర, ఆమ్లంలో. అక్కడ మందకొడిగా ఉంటే ఏమి లాభం? మరో బూజు ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ నుంచి వచ్చే ఫైటేజ్ ఆకారం వేడికి విచ్చుకుపోయినా, చల్లారాక మళ్లీ పాత ఆకారంలోకి ముడుచుకుని పనిలోకి దిగుతుంది. నాకైతే ఆ దారే నచ్చింది.