షిబుయాలో వాన, వనస్థలిపురంలో తాతయ్య

మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో ఒక అమ్మాయి ఉంటోంది. ఉంటోంది అనే అనాలి. ఆ పిల్లకి అందులో ఒక బల్ల, బల్ల మీద దీపం, పక్కన పిల్లి, వెనక కిటికీ, కిటికీ అవతల వాన, అన్నీ అమిరాయి. రాత్రీ పగలూ నోట్సు రాసుకుంటూ ఉంటుంది. ఊపిరి పీలుస్తుంది. నాలుగు సెకన్లకోసారి కళ్లార్పుతుంది. ఆ ల్యాప్‌టాప్‌లో చోటు లేనిదల్లా మా మేనల్లుడికీ, వాడి బీటెక్ థర్డ్ ఇయర్‌కీ.

ఇలాంటి కదిలే బొమ్మల డెస్క్‌టాప్ మీ ఇళ్లలోనూ ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి అది ఎలా ఉంటుందో వివరంగా చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, నా కడుపుమంట తీరాలి కదా.

మధ్యలో గడియారం. ఆరంగుళాల అంకెలు, దారప్పోగంత సన్నం, అదీ తెల్ల మబ్బు మీద తెల్ల రంగులో. దాని కింద జపాన్ లిపిలో మూడక్షరాలు. ఏమిట్రా అవి అంటే వారం పేరట. ఇవాళ ఏం వారం అని అడిగితే జేబులోంచి ఫోన్ తీసి చూసి, గురువారం మామయ్యా అన్నాడు. ఆ మూడక్షరాలని మొకుయోబి అని చదవాలని నేనే వెతికి తెలుసుకున్నాను. వాళ్లూ మనలాగే వారాలకి గ్రహాల పేర్లు పెట్టుకున్నారు, గురువారం అక్కడా గురుడిదే. మా మేనల్లుడికి అక్కడి గురుడూ తెలియదు, ఇక్కడి గురువులూ తెలియదు. రెండోది వాడి హాజరు శాతం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

గడియారం పక్కన ఒక గుండె బొమ్మ. ప్రాసెసర్ మీద బరువు పెరిగేకొద్దీ ఎర్రగా నిండుతుంది. ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది, ఎందుకంటే ఆ ప్రాసెసర్‌కి ఉన్న పనల్లా ఆ గుండెని నింపడమే. ల్యాప్‌టాప్ కింద ఫ్యాను ఇడ్లీ పిండి రుబ్బుతున్నట్టు మోగుతుంది. అడుగున పాటకి తగ్గట్టు గెంతే గీతలు. పాట లేనప్పుడు అవి గెంతవు, ఆ ఒక్క విషయంలో వాటిని మెచ్చుకోవాలి.

కుడివైపు కింద వాతావరణం పెట్టె. 11 డిగ్రీలు, చిరుజల్లు. మాకిక్కడ వనస్థలిపురంలో చెమటలు కారుతున్నాయి. ఆ 11 డిగ్రీలు టోక్యోలోని షిబుయావి. స్కిన్ అంటారట ఈ తెర అలంకారాన్ని, దానితో పాటు అలాగే వచ్చిందట, మార్చలేదట. మారిస్తే మూడ్ పోతుందట.

ఇంకొకటుంది. షిమేజీ అంటారు. షిమేజీ అంటే జపాన్‌లో ఒక రకం పుట్టగొడుగు. ఇది బొటనవేలంత బొమ్మ. మీరు తెర మీద తెరిచిన కిటికీల, అంటే విండోల, అంచులు పట్టుకుని పైకెక్కుతుంది, కింద పడుతుంది, కూర్చుని కాళ్లూపుతుంది, పుట్టగొడుగుల్లాగే ఒకటి రెండవుతుంది, రెండు ఆరవుతాయి. వీడు పెంచుతున్నది హత్సునే మికు అనే రెండు జడల పాప. 2007 ఆగస్టులో సపొరోలోని ఒక కంపెనీ కంప్యూటర్ చేత పాటలు పాడించే సాఫ్ట్‌వేర్ తెచ్చి, దాని డబ్బా మీద వేసిన బొమ్మ. వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. ఈ లెక్కలన్నీ మా వాడికి నోటికొచ్చు. వాళ్ల తాతయ్య బ్లడ్ గ్రూపు చెప్పమంటే అమ్మని అడగాలి అంటాడు.

ఇదంతా ఎందుకు చెప్పొచ్చానంటే, అది నవంబరు చివరి వారం. మా నాన్నగారు బతికే ఉన్నారని ప్రభుత్వానికి చెప్పుకోవలసిన వారం. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించినా చాలు, అయితే దానికి పీపీఓ నంబరు, అంటే పెన్షన్ ఉత్తర్వు మీది నంబరు కావాలి, పన్నెండు అంకెలు. అసలు కాగితం బ్యాంకు లాకర్లో ఉంది. స్కాన్ కాపీ మాత్రం మేనల్లుడి దగ్గర ఉంది.

"డెస్క్‌టాప్ మీదే పెట్టాను మామయ్యా" అన్నాడు వాడు, ధీమాగా.

డెస్క్‌టాప్ మీద అమ్మాయి ఉంది, పిల్లి ఉంది, గుండె ఉంది, షిబుయా ఉంది. ఫైలు లేదు. అసలు ఒక్క ఐకాన్ కూడా లేదు. క్లీన్ లుక్ కోసం అన్నీ దాచేశాడట. ఎక్కడ దాచావంటే డాక్‌లో అన్నాడు. డాక్ ఏది అంటే మౌస్ దగ్గరికి తీసుకెళ్తే పైకి లేస్తుంది అన్నాడు. లేచింది. ఒక గుడి ద్వారం, ఒక నక్క ముఖం, ఒక గొడుగు, ఒక గిన్నె నూడుల్స్. వీటిలో మై కంప్యూటర్ ఏదో కనుక్కోవడానికి నాకు కాసేపు పట్టింది. అది గుడి ద్వారమట. బూట్లు విప్పి లోపలికి వెళ్లాలేమో అనుకున్నాను.

ఈలోగా వాడు ఏదో నొక్కాడు, వాన చప్పుడు మొదలైంది. బాగా రికార్డు చేశారు, కాదనను. రేకుల మీద పడ్డట్టు దడదడమంది. వంటింట్లో ఉన్న మా అక్క "అయ్యో, ఉసిరి ముక్కలు!" అంటూ మేడ మీదికి పరుగెత్తింది. కార్తీకంలో ఎండబెట్టుకున్న ముక్కలవి. పైన ఎండ మండిపోతోంది. అక్క చాటతో సహా కిందికి దిగొచ్చి, ఎండ కాస్తూంటే వాన పడుతోందంటే కుక్కకీ నక్కకీ పెళ్లి కాబోలు అంది. నక్క డాక్‌లో ఉందని నేను చెప్పలేదు.

నాన్నగారు కుర్చీ తెరకి దగ్గరగా లాక్కుని ఆ అమ్మాయిని చాలాసేపు చూశారు. "ఎవరమ్మాయిరా? ఇంత వానలో కిటికీ తీసి కూర్చుంది. ఒంటి మీద స్వెట్టరైనా లేదు. వెయ్యమను" అన్నారు. నేను బొమ్మ నాన్నా అన్నాను. "బొమ్మ ఊపిరెందుకు పీలుస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మేనల్లుడి దగ్గర ఉంది: సెకనుకి 30 ఫ్రేములు.

ఫైలు నూడుల్స్ గిన్నెలో దొరికింది. నూడుల్స్ గిన్నె అంటే రీసైకిల్ బిన్. వారం కిందట వాడు డెస్క్‌టాప్ ఊడ్చి ముగ్గు పెట్టినప్పుడు తాతయ్య పెన్షన్ కాగితం చెత్తలో కలిసింది. గిన్నె నిండితే పొగలు వస్తాయట, చూడ్డానికి బాగుంటుందని ఖాళీ చెయ్యలేదట. మా నాన్నగారి పెన్షన్ నిలబడింది ఆ పొగల పుణ్యాన.

ఫైలు తెరిచాం. చిన్న కిటికీలో తెరుచుకుంది. ఫుల్ స్క్రీన్ చెయ్యరా, అంకెలు కనబడవు అన్నాను. వాడు తటపటాయించాడు. కారణం వింటే మీరు కూర్చున్న చోటే నిలబడతారు. ఏ కిటికీ అయినా తెర నిండా పెడితే వెనక కదిలే వాల్‌పేపర్ ఆగిపోయేలా అమరిక ఉంది. ప్రాసెసర్‌కి విశ్రాంతి అన్నమాట. అంటే మనం పని మొదలుపెడితే అమ్మాయి ఊపిరి ఆగుతుంది. అందుకని మా వాడు ఏ పని చేసినా పోస్టుకార్డంత కిటికీలోనే చేస్తాడు. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టు, ఇంటర్న్‌షిప్ దరఖాస్తు, అన్నీ ఆ పోస్టుకార్డులోనే, ఆవిడ ప్రాణానికి అడ్డం రాకుండా. ఆ పోస్టుకార్డులో మేం ఏడో అంకె దాకా చదివేసరికి మికు పాప అంచు పట్టుకుని పైకెక్కి ఎనిమిదో అంకె మీద కూర్చుంది. కాళ్లూపింది. మూడో, ఎనిమిదో తేలలేదు. "పాపం చిన్నపిల్ల, దిగేదాకా ఆగండి" అన్నారు నాన్నగారు. ఆగాం.

తరవాత ఫోన్ ముందు కళ్లార్పాలి. నాన్నగారు పాతకాలపు ఫోటో స్టూడియోల్లో తర్ఫీదు పొందిన మనిషి, కెమెరా కనిపిస్తే కళ్లు గుచ్చి చూస్తారు తప్ప ఆర్పరు. మూడుసార్లు చేశాం. 78 ఏళ్ల మనిషి, ముప్ఫై మూడేళ్లు ఉద్యోగం చేసిన మనిషి, కళ్లార్పలేక బతికి లేనట్టు నిలబడి ఉంటే, వెనక తెర మీద పుట్టనే పుట్టని పిల్ల టపటపా ఆర్పుతోంది. నాలుగోసారి ఆవిణ్ణి చూసి ఈయన నేర్చుకున్నారు. సర్టిఫికెట్ వచ్చింది.

బొమ్మల్ని తెర మీదికి ఎక్కించే జబ్బు కొత్తది కాదు. 80ల్లోనే జపాన్ పీసీల్లో మౌస్ వెంట పరుగెత్తే పిల్లి ఉండేది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీస్ 97లో కళ్లున్న పేపర్ క్లిప్పు వచ్చి ఉత్తరం రాస్తున్నారా అని అడిగేది. 2009లో విండోస్ 7కి జపాన్‌లో ఏకంగా నానామి మదోబే అనే అమ్మాయిని పుట్టించారు. మదో అంటే కిటికీ, నానా అంటే ఏడు, ఇంతకంటే తిన్నగా పేరు పెట్టడం మన జాతకాల వాళ్ల వల్ల కూడా కాదు. విండోస్ విస్టా రోజుల్లో తెర పక్కన గడియారం, వాతావరణం లాంటి గాడ్జెట్లు పెట్టి, వాటి వల్ల భద్రతకి ముప్పని 2012లో మైక్రోసాఫ్టే ఆపేసుకోమంది. అయినా తెర మీద ఇలాంటి పెట్టెలు అతికించే రెయిన్‌మీటర్ లాంటి సాఫ్ట్‌వేర్లు 2001 నుంచీ ఉన్నాయి, ఊరికే దొరుకుతాయి, ఎవరి ఓపిక వాళ్లది.

ఓపిక అంటే గుర్తొచ్చింది. ఆ స్కిన్లన్నీ మామూలు టెక్స్టు ఫైళ్లు. ఏ బొమ్మ ఎక్కడుండాలో ఎక్స్ ఇంత, వై ఇంత అని రాయాలి. గుండె బొమ్మని రెండు పిక్సెళ్లు ఎడమకి జరపడానికి వీడు తెల్లవారుజాము మూడు దాకా మేలుకున్నాడు. నాలుగు వందల వరసలు రాశాడు, తప్పులు పట్టుకున్నాడు, సరిచేశాడు. అదే మహానుభావుడికి సీ ప్రోగ్రామింగ్ ఇప్పటికీ సప్లీలో ఉంది. ఇంత కష్టపడ్డ డెస్క్‌టాప్ కనబడేది ఎప్పుడయ్యా అంటే, తెరిచినవన్నీ మూసేసినప్పుడు. ఏ పనీ లేనప్పుడు. ఇల్లు కట్టినవాడు గుమ్మంలోనే కాపురం పెట్టినట్టు.

మా అక్క ఇంట్లో అసలైన విడ్జెట్ ఒకటుంది. ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం చూపిస్తుంది. గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాలవాడు రాని రోజులు బాల్ పెన్నుతో రాసి ఉంటాయి. పైన లక్ష్మీదేవి ఉంటుంది, ఊపిరి పీల్చదు, ర్యామ్ తినదు. దాని గురించి ఎవరూ స్క్రీన్‌షాట్లు పెట్టరు.

సరే. ఇదంతా అయ్యాక చల్లగా కాఫీ తాగుతూ, ఈ బొమ్మ ఎవరు వేశార్రా, వాన చుక్క అద్దం మీద జారడం భలే వేశారు అన్నాను. నిజంగానే అన్నాను. జపాన్ బొమ్మలంటే నాకు పడదని మీరు అనుకుంటున్నారేమో, అలాంటిదేం లేదు.

"ఏమో మామయ్యా, నెట్‌లో దొరికింది."

షిబుయా పెట్టె కింద ఏదో గీత కనిపిస్తూంటే పక్కకి జరపమన్నాను. జరిపాడు. చీమంత అక్షరాల్లో సంతకం.

"అది అడ్డంగా ఉంది, క్లీన్‌గా లేదని పెట్టె దాని మీద పెట్టా."

అడ్డంగా ఉందట! వేసినవాడి పేరు అడ్డంగా ఉందట! ఆ పిల్లి మూతి మీద దీపం వెలుగు ఎంత పడాలో చూసుకుంటూ ఎవరో ఎన్ని రాత్రులు కూర్చున్నారో. దాన్ని ఇంకెవడో కదిలేలా చేసి తన పేరు వేసుకున్నాడు. మూడోవాడు ఎక్కడెక్కడికో ఎక్కించాడు. నాలుగోవాడు వీడు, "నా సెటప్" అని ఫోటో తీసి లైకులు ఏరుకున్నాడు. ఒరేయ్, ఇందులో నీది ఏముందిరా? ఆ షిబుయా పెట్టె కూడా నీది కాదు కదరా! మికు విషయంలో ఆ కంపెనీ, లాభానికి కాకపోతే వాడుకోండని పద్ధతి ప్రకారం రాసి పెట్టింది. ఈ బొమ్మ వేసిన మనిషిని ఎవడైనా అడిగాడా? అడగడానికి పేరు తెలియాలి కదా, ఆ పేరు మీద 11 డిగ్రీలు, చిరుజల్లు!

తెలుగులో అందమైన అమ్మాయిని బాపు బొమ్మ అంటాం. గమనించారా, ఆ మాటలో అమ్మాయి పేరు లేదు, వేసినాయన పేరుంది. వపా అన్న రెండక్షరాలు మూలన కనబడితే వడ్డాది పాపయ్య గారని పేపర్లు కట్టే కుర్రాడికి కూడా తెలిసేది. మా నాన్నగారు వారపత్రికల్లోంచి బాపు బొమ్మలు బ్లేడుతో కోసి దాచుకునేవారు, సంతకం దగ్గర ఊపిరి బిగబట్టి కోసేవారు. అలాంటి దేశంలోనే పెళ్లి కార్డుల మీద ఆయన గీతని వాడుకుని కింద సంతకం గీకేసిన ప్రెస్సులున్నాయి, నా కళ్లతో చూశాను. ఇప్పుడు ఆ గీకే శ్రమ కూడా లేదు. ఏఐ యంత్రాన్ని అడిగితే అచ్చం అలాంటి బొమ్మే పోస్తుంది, ఒక్కోసారి మూలన ఎవరిదీ కాని, చదవడానికి రాని వంకర సంతకం కూడా గీస్తుంది. తాళి దొంగిలించి పసుపుతాడు అక్కడే వదిలేసినట్టు.

నేను ఇంత గొంతు చించుకుంటే మా మేనల్లుడు పెట్టెని పైకి జరిపాడు. ఎక్స్, వై మార్చాలి కాబట్టి అరగంట పట్టింది. సంతకం కనబడుతోంది. అది ఎవరిదో ఇంకా చదవలేదు, జపాన్ లిపి రాదు కదా.

నాన్నగారు మాత్రం వాడికి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తున్నారు. "ఆ పిల్ల ఇంకా రాస్తూనే ఉందా?" అని అడుగుతారు. ఉంది తాతయ్యా అంటాడు వీడు. "పరీక్ష ఎప్పుడట?"