కేబుల్ గుచ్చిన కుర్రవాడిని తిట్టకండి

తిరుపతి లాడ్జీల్లో, నర్సింగ్ హోముల్లో, కోచింగ్ సెంటర్లలో నెట్‌వర్క్ పనులు చేసి బతుకుతున్నవాడిని. లూప్ పడి, అంటే కేబుల్ తిరిగి అదే నెట్‌వర్క్‌లోకి చుట్టుకుని, అంతా కూలిన ప్రతిసారీ మనం తప్పుడు మనిషిని పట్టుకుంటున్నాం.

మొన్నటి బ్రహ్మోత్సవాల రద్దీలో, రైల్వే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జీలో గదులు సర్దే కుర్రవాడికి టేబుల్ కింద కేబుల్ కొస ఒకటి వేలాడుతూ కనిపించింది. ఊడిపోయిందనుకుని పక్కనున్న చిన్న నెట్‌వర్క్ స్విచ్‌లో (కంప్యూటర్ల కేబుళ్లను కలిపే డబ్బాలో) గుచ్చాడు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. కాసేపటికే బిల్లింగ్ ఆగిపోయింది, కెమెరాలు పోయాయి, వైఫై పోయింది. పసిపిల్లలతో వచ్చిన యాత్రికులు సామాన్లు పట్టుకుని రిసెప్షన్ ముందు నిలబడిపోయారు. యజమాని ముందు ఇంటర్నెట్ కంపెనీని తిట్టి, తర్వాత ఆ కుర్రవాడి జీతం కోస్తానన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక్క కేబుల్‌కే ఇంత నష్టం ఎందుకంటే, ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు, అంటే ఈ కేబుళ్ల మీద నడిచే సమాచారపు మూటకు, ఆయుష్షు హద్దు లేదు. ఆ మూట లోపల ఉండే ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ అనే అంకె రూటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది, సున్నాకు చేరితే ప్యాకెట్ అక్కడితో సరి. ఫ్రేమ్‌లో అలాంటి లెక్కే లేదు. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్, అంటే అందరికీ ఉద్దేశించినది, వస్తే స్విచ్ దాన్ని వచ్చిన పోర్టు (కేబుల్ గుచ్చే రంధ్రం) తప్ప మిగతా అన్నింటికీ పంపుతుంది. లూప్ ఉంటే అదే ఫ్రేమ్ మళ్లీ వస్తుంది, మళ్లీ అన్నింటికీ వెళుతుంది. గిగాబిట్ లింకులో చిన్న ఫ్రేములు సెకనుకు దాదాపు 14.88 లక్షలు పడతాయి. ఆ వరదలో అసలు పని చేసే ఫ్రేములకు చోటెక్కడిది?

దీనికి మందు కొత్తదేమీ కాదు. లూప్ అయ్యే దారిని స్విచ్‌లే కనిపెట్టి మూసేసే పద్ధతి పేరు స్పానింగ్ ట్రీ. డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ దాన్ని 1985లోనే రూపొందించారు. 2001 నాటి ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ అయితే మామూలుగా కొన్ని సెకన్లలోనే దారి సర్దుకుంటుంది. అయినా మన ఊళ్లో చాలాచోట్ల అది ఉండదు. ఉంటే గింటే ఆపేసి ఉంటుంది!

ఆపేసేది మా వాళ్లే, అదే నా బాధ. పాత స్పానింగ్ ట్రీలో పోర్టు పని మొదలుపెట్టడానికి 15 సెకన్ల చొప్పున రెండు దశలు, మొత్తం 30 సెకన్లు పడుతుంది. ఈలోగా కంప్యూటర్‌కు ఐపీ చిరునామా అందదు, యజమాని విసుక్కుంటారు. టెక్నీషియన్ మొత్తం స్పానింగ్ ట్రీనే తీసేసి బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. చేయవలసింది అది కాదు. కంప్యూటర్లు తగిలే పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (ఆగకుండా వెంటనే పని మొదలుపెట్టేవిగా) పెట్టి, వాటి మీద బీపీడీయూ గార్డ్ వేయాలి. బీపీడీయూలంటే స్పానింగ్ ట్రీ కోసం స్విచ్‌లు పంపే సందేశాలు. అప్పుడు ఆలస్యం ఉండదు, అక్కడ లూప్ పడి బీపీడీయూ తిరిగొస్తే ఆ ఒక్క పోర్టే మూతపడుతుంది. కొన్ని చవక స్విచ్‌లు బీపీడీయూలను మింగేస్తాయి కాబట్టి లూప్ డిటెక్షన్ కూడా ఉండాలి. అది తనదైన పరీక్ష ఫ్రేమ్‌ను వదిలి, తిరిగొస్తే పోర్టును మూసేస్తుంది. స్టార్మ్ కంట్రోల్ అనేది లూప్‌ను తీయదు గానీ వరదకు హద్దు పెడుతుంది.

ఇవేవీ లేని చోట లూప్ వెతకడమంటే స్విచ్‌లు పెట్టిన రాక్ ముందు నిలబడి, ఆగకుండా మెరిసే లైట్లను చూస్తూ, పై అంతస్తులకు వెళ్లే కేబుళ్లను ఒక్కొక్కటే పీకడం. స్విచ్‌కు లాగ్ (జరిగినవాటి చిట్టా) ఉంటే ఒకే మ్యాక్ చిరునామా (పరికరపు గుర్తింపు సంఖ్య) ఈ పోర్టుకూ ఆ పోర్టుకూ గెంతుతున్నట్టు చూపిస్తుంది, సగం పని తగ్గుతుంది. లాగ్ లేని డబ్బా స్విచ్‌లు పెట్టి నాలుగు అంతస్తులు నడిపేవారికి ఆ వెసులుబాటు కూడా లేదు.

యజమానులకు నా విన్నపం ఒక్కటే. పని పూర్తయిందని టెక్నీషియన్ చెప్పిన రోజున, అతనితోనే ఒక కేబుల్ రెండు కొసలనూ గోడలోని రెండు పోర్టులకు గుచ్చించండి. రిసెప్షన్ కంప్యూటర్ ఎప్పటిలా నడుస్తూ ఉంటేనే చివరి బిల్లు ఇవ్వండి. పరీక్షకు ఒప్పుకోకపోతే డబ్బు ఆపండి, ఆ పనివాడు నేనైనా సరే.