లెక్కలోకి రాని గదులు: మన దేశ హోటల్ రంగం అసలు సైజు ఎంత?

హోటల్ రంగం మీద బిజినెస్ పేజీల్లో ఏ వార్త చూసినా తాజ్, ఒబెరాయ్, ఐటీసీ, మారియట్, ఈ పేర్లే. వీటికి లెమన్ ట్రీ, జింజర్ లాంటి చైన్లు కూడా కలుపుకున్నా దేశం మొత్తమ్మీద బ్రాండెడ్ గదులు ఓ 2 లక్షల దగ్గర తేలతాయి. మారియట్ ఒక్క కంపెనీకే ప్రపంచమంతా కలిపి 16 లక్షల పైన ఉన్నాయి, అమెరికాలో హోటల్ గదులైతే 50 లక్షలు దాటేశాయి. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి మనకి గదుల కొరత ఉంది, పెద్ద హోటళ్లు ఇంకా రావాలి అని తేల్చేస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే.

చిన్న లెక్క వేద్దాం. 2 లక్షల గదులూ ఏడాదంతా ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా నిండాయనుకున్నా 7 కోట్ల 30 లక్షల రాత్రులు. కేంద్ర టూరిజం శాఖ లెక్కలో 2023లో దేశం లోపల జరిగిన పర్యటనలు 250 కోట్లు. అందులో పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు, చుట్టాలింట్లో దిగేవాళ్లు చాలామందే ఉంటారు, ఒకే మనిషిని నాలుగైదు సార్లు లెక్కేసి కూడా ఉంటారు, అవన్నీ తీసేసినా ఆ రెండు అంకెలకీ ఎక్కడా పొంతన కుదరదు. మరి ఇంతమంది ఎక్కడ పడుకుంటున్నారు?

బస్టాండ్ ఎదురుగా లాడ్జిల్లో, దేవస్థానం కాటేజీల్లో, సత్రాల్లో, డార్మిటరీల్లో, రైల్వే రిటైరింగ్ రూముల్లో. తిరుమలనే చూడండి, కొండ మీద టీటీడీకి సుమారు 7,500 గదులున్నాయి, 50 రూపాయలకీ 100 రూపాయలకీ ఇచ్చేవి వాటిల్లో చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లో పెద్ద స్టార్ హోటల్ అంటేనే మూడు నాలుగు వందల గదులు, అలాంటివి ఓ ఇరవై కలిపితే ఒక్క కొండ మీద ఉన్నదానికి సమానం. అయినా హోటల్ రంగం రిపోర్టుల్లో టీటీడీ పేరు కనబడదు. గదులు కేటాయించే సీఆర్వో ఆఫీసు దగ్గర లైన్లో నిలబడ్డవాళ్లకీ, గది దొరక్క లాకర్ తీసుకుని హాల్లో చాప పరుచుకున్నవాళ్లకీ తెలుసు ఆ గదుల విలువ ఏంటో.

శ్రీశైలం వెళ్తే ఇంకో రకం. రెడ్డి సత్రం, కమ్మ సత్రం, ఆర్యవైశ్య సత్రం, బ్రాహ్మణుల కరివేన సత్రం, ఇలా కులానికొకటి. దాతల డబ్బుతో కట్టినవి, చాలావాటిలో భోజనం కూడా ఉచితమే. సామాన్యుడి యాత్రని ఇన్నేళ్లు మోసింది ఇవేనని ఒప్పుకోవాలి, కానీ గది కావాలంటే ముందు మీరెవరు అన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సి రావడం, సత్రం కట్టుకునే స్తోమత లేని కులాల వాళ్లు బయట లాడ్జి వెతుక్కోవాల్సి రావడం, ఇది నాకు మింగుడుపడని విషయం.

ఇక లాడ్జిలు. కింద షాపులు, పైన ఇరవై ముప్ఫై గదులు, కుటుంబమే ఓనరు, కుటుంబమే మేనేజరు. 2013లో మొదలైన ఓయో అనే ఆన్‌లైన్ గదుల బుకింగ్ కంపెనీ ఇలాంటివాటికి ఒకే బోర్డు తగిలించింది, కస్టమర్లు వచ్చారు నిజమే, కానీ కమీషన్ల మీదా కాంట్రాక్టుల మీదా గొడవలు కూడా వచ్చాయి. హోటల్ ఓనర్ల సంఘాల ఫిర్యాదులే చివరికి మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లి, 2022 అక్టోబర్‌లో ఆన్‌లైన్ బుకింగ్ సైట్లు నడిపే మేక్‌మైట్రిప్ గ్రూపు మీద 223 కోట్లు, ఓయో మీద 168 కోట్ల పైన జరిమానా పడింది.

పాలసీ ఎవర్ని చూసి రాస్తున్నారో కూడా గమనించండి. 2013లో ప్రాజెక్టు ఖర్చు 200 కోట్లు దాటే హోటళ్లకి ఇన్‌ఫ్రా హోదా, అంటే రోడ్లు, పోర్టుల్లాగా సులువుగా బ్యాంకు అప్పు దొరికే హోదా, ఇచ్చారు. ముప్ఫై గదుల లాడ్జి ఓనర్‌కి ఆ తలుపు మూసే ఉంది. 2025 సెప్టెంబర్ నుంచి 7,500 రూపాయల లోపు గదులకి జీఎస్టీ 5 శాతం చేశారు, కస్టమర్‌కి మంచిదే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ఓనర్ కొనుగోళ్ల మీద కట్టిన పన్నుని తన పన్నులోంచి తగ్గించుకునే వీలు, తీసేశారు కాబట్టి ఆన్‌లైన్ కమీషన్ మీదా, కొత్త ఏసీల మీదా కట్టిన పన్ను ఓనర్ నెత్తినే మిగులుతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది అగ్నిప్రమాదాలు. 2019లో ఢిల్లీ కరోల్‌బాగ్‌లో 17 మంది చనిపోయారు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్, పైన లాడ్జి, పొగ పైకి కమ్మేసి 8 మంది పోయారు. 2025 ఏప్రిల్‌లో కోల్‌కతాలో 14 మంది. స్టార్ రేటింగ్ తీసుకోవడం మన దేశంలో ఐచ్ఛికం, చిన్న లాడ్జిలు తీసుకోవు, కాబట్టి ఆ తనిఖీలు వీటి గడప తొక్కవు. పనుల మీద ఊరొచ్చి రాత్రికి తలదాచుకున్నవాళ్ల ప్రాణాలకి ఇదేనా మనం ఇచ్చే విలువ?

కేంద్రం దగ్గర నిధి అనే హోటళ్ల డేటాబేస్ ఉంది, అయితే అందులో ఎవరి పేరు వాళ్లే వచ్చి నమోదు చేసుకోవాలి. అంతకంటే దగ్గరి దారి ఉంది. ప్రతి లాడ్జికీ మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్స్ ఉండాలి, కరెంటోళ్ల దగ్గర కమర్షియల్ కనెక్షన్ ఉంటుంది, గెస్టుల వివరాలు పోలీసులకి వెళ్తాయి. ఈ మూడూ ఒకచోట పెడితే గదుల లెక్క వచ్చేస్తుంది. రెండు రాష్ట్రాలూ ముందు యాత్రా ఊళ్లతో మొదలుపెట్టొచ్చు, శ్రీశైలం, భద్రాచలం, యాదగిరిగుట్ట, అన్నవరం. గదులు ఎన్నున్నాయో రాసుకునేటప్పుడే పక్కన ఇంకో గడి పెట్టి, ఆ బిల్డింగ్‌కి రెండో మెట్లదారి ఉందా లేదా అన్నది కూడా రాయాలి.