సవరణ: కోచ్ వుడెన్ సాక్సుల పాఠం విధేయతకు పరీక్ష కాదు

అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ సీజన్ మొదట్లోనే ఆటగాళ్లకు సాక్సులు, బూట్లు వేసుకోవడం నేర్పేవారని మొన్న రాశాను. అది నిజమే. 'చెప్పిన మాట వింటారో లేదో చూడటానికి' అని చేర్చడం మాత్రం నా తప్పు. వుడెన్ తర్వాతి రోజుల్లో స్వయంగా ఇచ్చిన వివరణల్లోనూ, ఆయన శిష్యుల ఇంటర్వ్యూల్లోనూ కనిపించే కారణం బొబ్బలు.

సాక్సును పైకి లాగి, చిటికెన వేలి దగ్గరా మడమ చుట్టూ చేత్తో సర్ది, ఎక్కడా ముడత లేకుండా చూసుకోవాలి. బూటులో కాలు పెట్టేటప్పుడు కూడా సాక్సును పైకి పట్టుకునే ఉండాలి, లేకపోతే లోపల మళ్లీ ముడతపడుతుంది. లేసును పైనుంచి ఒక్కసారిగా లాగితే చాలదు. ఒక్కో రంధ్రం దగ్గరా బిగించుకుంటూ వచ్చి చివర రెండు ముళ్లు వేయాలి. బూటు సైజు పెద్దదైతే, పరుగు ఆపి పక్కకు తిరిగిన ప్రతిసారీ పాదం లోపల జారి ఒరుసుకుంటుంది. బొబ్బ లేస్తే ముందు ప్రాక్టీసు పోతుంది, ఆపైన మ్యాచ్. 1964-75 మధ్య 10 జాతీయ టైటిళ్లు గెలిపించిన కోచ్ ఆటగాడి పాదం గురించి పడ్డ శ్రద్ధ ఇది. దాన్ని పెత్తనంలా చూపిన ఆ వాక్యాన్ని పాత పోస్టులోంచి తీసేశాను.